లెక్కలో ఉన్న బాబు

ప్రభావతమ్మ దేవుడి గూట్లో రెండు చీటీలు పెట్టి, వాటి మీద చెరొక గన్నేరు పువ్వు ఉంచి, వంటింటి గుమ్మంలో కూర్చున్న కోడలి వైపు తిరిగింది.

"లేమ్మా మాధురీ. నువ్వే తియ్యి. ఆమని డాక్టరు చదువు మానేయాలా, పూర్తి చేయాలా... నీ చేతికి ఏది వస్తే అదే ఖాయం. ఆ తర్వాత ఈ ఇంట్లో ఇంకెవరూ ఆ విషయం ఎత్తకూడదు."

మాధురి లేవలేదు. అత్తగారి మాట వినపడింది, అర్థమైంది కూడా. కానీ లేవమని కాళ్లకు ఎవరు చెప్పాలో ఆమెకు తెలియలేదు. కొన్నాళ్లుగా అంతే... అన్నం పెడితే తింటుంది, పడుకోమంటే పడుకుంటుంది. ఏడుపు మాత్రం రావడం లేదు. చుట్టాలు వచ్చి పక్కన కూర్చుని, "ఏడు తల్లీ, ఏడిస్తే బరువు దిగుతుంది" అని చెప్పి, తామే ఏడ్చి వెళ్లిపోయారు. ఆమె వాళ్లకు మంచినీళ్లు ఇచ్చి, గుమ్మం దాకా వచ్చి సాగనంపింది.

ముందు గదిలో బూట్ల లేసులు కట్టుకుంటున్న అభిరామ్ చెయ్యి ఆగింది. "మళ్లీ చీటీలా అమ్మా? ఒకసారి తీయించావుగా, చాలలేదా?"

"అది వేరు, ఇది వేరురా. ఇవి దేవుడి ముందు పెట్టినవి."

"అదీ దేవుడి చీటీ లాంటిదేనని నువ్వే చెప్పావు."

పక్క గది తలుపు పట్టుకుని నిలబడ్డ ఆమని తల దించుకుంది. అభిరామ్‌కి ఒక్కగానొక్క చెల్లెలు ఆమె. పిల్లల వైద్యంలో ఎండీ ఆఖరి సంవత్సరం. బాబు పోయిన దగ్గర్నుంచీ ఆస్పత్రి ముఖం చూడలేదు. జుట్టు దువ్వుకోకుండా, ఎవరికీ ఎదురుపడకుండా, గోడ వారనే తిరుగుతోంది ఇంట్లో.

"చీటీ అక్కర్లేదు" అన్నాడు అభిరామ్. "నేను వాళ్ల పెద్ద డాక్టరుగారితో మాట్లాడాను. తల్లీ తండ్రీ వద్దంటే బాబుని ఆ పరిశోధనలోంచి తీసేస్తారట. తల్లి కూడా నోటితో చెప్పాలట. శుక్రవారం రమ్మన్నారు. మాధురి వచ్చి చెప్తుంది. నా కొడుకు వాళ్ల లెక్కల్లో ఉండటానికి వీల్లేదు."

"అన్నయ్యా..."

"నీ చదువు నీ ఇష్టం. నన్నేం అడక్కు."

"నేనెలాగూ వెళ్లట్లేదు" అంది ఆమని. "ఈ నెలలో థీసిస్ ఇవ్వకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. కూర్చోను. అంతేగా."

అభిరామ్ ఆఫీసుకి వెళ్లిపోయాడు. చీటీలు గూట్లోనే ఉండిపోయాయి. మధ్యాహ్నం దీపం సర్దుతూ ప్రభావతమ్మ వాటిని విప్పకుండానే తీసి తులసి కుండీలో వేసింది.

ఆ ఇంట్లో చీటీ వేయకుండా ఏ పనీ జరగదు. మాధురి ఈ ఇంటి కోడలైంది కూడా చీటీతోనే... అభిరామ్‌కి రెండు సంబంధాలు ఒకేసారి నచ్చితే, ప్రభావతమ్మ రెండు పేర్లు రాసి దేవుడి ముందు పెట్టి పక్కింటి పాప చేత తీయించింది. చిక్కడపల్లిలో ఈ ఇల్లు కొన్నప్పుడూ అంతే. గుంటూరు వైపు నుంచి ఆవిడ అత్తగారు మోసుకొచ్చిన అలవాటు. వచ్చిన చీటీ మనకు మేలు చేసేదే అయ్యుంటుందని, ఒకసారి తీశాక ఇక మనసు మార్చుకోకూడదని ఆవిడ గట్టి నమ్మకం. మాధురికి మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత అలవాటైపోయింది. తనకు వచ్చిన మొగుడు మంచివాడే, అత్తగారు కడుపులో పెట్టుకుని చూసే మనిషే... చీటీని తప్పుపట్టడానికి ఆమెకు ఏ కారణమూ దొరకలేదు.

ఆమని మీదైతే ఆమెకు ప్రాణం. మాధురి కాపురానికి వచ్చేనాటికి ఆ పిల్ల ఎంబీబీఎస్ చదువుతోంది. ఒకరోజు ప్రసూతి వార్డులో డ్యూటీ చేసొచ్చి, చేతులు కడుక్కోకుండానే వంటింట్లో పీట మీద కూలబడింది. "వదినా, ఇవాళ అరచేతిలో పట్టేంత పాప పుట్టింది. ఊపిరి తీసుకోలేదు. మేడమ్ రబ్బరు బ్యాగు నా చేతికిచ్చి నొక్కమన్నారు. నేను నొక్కుతూనే ఉన్నాను... ఉన్నట్టుండి ఏడ్చింది వదినా. పిల్లికూన లాగా" అంది. ఆ రోజునుంచి ఆమెకు వేరే ధ్యాస లేదు. పిల్లల వైద్యంలో ఎండీ, ఆ పైన కేవలం అప్పుడే పుట్టిన పిల్లల కోసం ఇంకో పెద్ద చదువు, ఆ పైన పరిశోధన. "అంత చిన్న పిల్లల్లో కొందరు బతుకుతున్నారు, కొందరు బతకట్లేదు. ఎందుకో ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలిగా" అనేది. మాధురి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే ఎదురుగా కూర్చుని థీసిస్ సంగతులన్నీ చెప్పేది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పాలు గొట్టం ద్వారా పోయాలి. రోజుకు కొంచెం కొంచెంగా నెమ్మదిగా పెంచాలా, త్వరత్వరగా పెంచాలా? కొన్నిచోట్ల అలా, కొన్నిచోట్ల ఇలా చేస్తున్నారు. ఏది మేలో ఎవరికీ తెలియదు. అదే ఆమె తేల్చాలనుకున్నది. "మీ డాక్టర్లకు ఇంత చిన్న విషయం తెలియదా?" అని మాధురి నవ్వేది. "తెలియదు వదినా. తెలియదని ఒప్పుకోవడమే మా మేడమ్ మాకు నేర్పిన మొదటి పాఠం" అనేది ఆమని.

అలాంటి పిల్లకే దేవుడు ఇలా రాసిపెట్టాడు... మాధురికి ఏడో నెలలోనే బీపీ ఎక్కువై ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మగపిల్లాడు. కిలో కూడా లేడు. ఆమని పనిచేసే ఆస్పత్రే. కానీ సొంతవాళ్ల బిడ్డను ఆమె ముట్టుకోకూడదు, తన థీసిస్ పరిశోధన గురించి ఇంటివాళ్లతో మాట్లాడకూడదు అని వాళ్ల నియమం. అందుకని సాయిచైతన్య అనే ఇంకో చిన్న డాక్టరు వచ్చి అంతా వివరించాడు. మీ బాబుని ఈ పరిశోధనలో చేర్చడానికి ఒప్పుకుంటారా, ఇష్టం లేకపోతే ఇబ్బందేం లేదు, వైద్యం ఎలాగూ జరుగుతుంది అన్నాడు. "ఏ బిడ్డకు ఏ పద్ధతి అన్నది మేం ఎంచుకోమమ్మా. మూసిన కవరు ఒకటి తెరుస్తాం. అందులో ఏముంటే అది చేస్తాం."

అభిరామ్ ఎటూ తేల్చుకోలేక తల్లి వైపు చూశాడు. ప్రభావతమ్మ ముఖం అప్పుడే కాస్త తేటపడింది. "ఇంకేం ఆలోచిస్తార్రా? ఇది మన చీటీల్లాంటిదే. మనుషుల చేతుల్లో లేదు. వాడికి ఏది మంచిదో అదే వస్తుంది. సంతకం పెట్టండి" అంది. ఇద్దరూ పెట్టారు.

నెమ్మదిగా పెంచమని వచ్చింది. మాధురి పాలు తీసి ఇస్తే చిన్న చిన్న సీసాల్లో పోసి, తల్లి పేరు అంటించి ఫ్రిజ్‌లో పెట్టేవారు. సీసాలు వరసగా నిలబడేవి. బాబుకి మాత్రం చుక్కలు... పక్క ఇంక్యుబేటర్‌లో పాపకి ఎక్కువ పోస్తుంటే ఆమె అద్దంలోంచి చూస్తూ నిలబడేది. వాళ్లకు వచ్చిన కవరు వేరు. మనకు ఇది మంచిదని వచ్చింది కదా, అనుకునేది. పురుడు స్నానం రోజు ఇంకా రాకముందే బాబుకి రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. రెండు రోజులు పోరాడి పోయాడు.

ఆ తర్వాత జరిగినదంతా పెద్దవాళ్లు చూసుకున్నారు. పురుడు వెళ్లని బిడ్డకు పేరు ఉండదు. కర్మకాండ ఉండదు. ఫోటో పెట్టరు. తండ్రి, మేనమామ వెళ్లి మట్టి చేసి వస్తారు. తల్లి దగ్గర ఆ మాట ఎత్తకూడదు, తల్లి కూడా ఎత్తకూడదు... ఎత్తితే వాడికి దారి దొరకదంటారు. ప్రభావతమ్మ అదంతా పద్ధతిగా జరిపించింది. ఊయల కోసం కొన్న మెత్తటి గుడ్డలు ఎక్కడికి వెళ్లాయో మాధురి అడగలేదు. ఒంటికి మాత్రం ఈ పద్ధతులేవీ తెలియవు. పాలు వస్తూనే ఉన్నాయి. పాలు ఇంకిపోవడానికి ప్రభావతమ్మ రోజూ నారాయణగూడ నుంచి మల్లెపూలు తెప్పించి, గుడ్డలో పరిచి, కోడలి గుండెలకు కట్టేది. గదంతా పెళ్లింటి వాసన వచ్చేది. మాధురి ఆ వాసనలో గోడకు ఆనుకుని కూర్చునేది, ఏమీ అనిపించకుండా.

ఆ సాయంత్రం ఆరేసిన బట్టలు తీయడానికి మేడ మీదికి వెళ్తే అక్కడ మంజుల ఉంది. మేడ మీద ఒంటి గదిలో కిరాయికి ఉంటున్న అమ్మాయి. సిద్దిపేట వైపు పల్లె. గ్రూప్స్ పరీక్షలకని అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటూ, మిగతా సమయమంతా సెంట్రల్ లైబ్రరీలో గడుపుతుంది.

"అక్కా, జర ఈ క్లిప్పులు పట్టవా, చేతులు నిండినయ్" అంది మంజుల. మాధురి అందుకుంది.

"పరీక్ష ఎప్పుడు?" ఏదో అడగాలని అడిగింది.

"ఏమో అక్కా. మా నాయన గూడ రోజు ఫోన్ చేసి 'ఎగ్జాం ఎప్పుడు పెడ్తవ్ బిడ్డా' అంటడు, నేనే పెట్టేటట్టు." మంజుల నవ్వి దుప్పటి మడత పెట్టింది. "మొన్న మా ఊర్ల సర్పంచ్ ఏమన్నడో ఎరుకేనా? పేపర్లు దిద్దే సార్లల్ల ఒకాయన నాకు దోస్తు, పిల్ల గురించి చెప్పిస్త అన్నడట. మా నాయన మస్తు ఖుష్. నేను లొల్లి పెట్టుకున్న."

"ఎందుకు? మంచిదేగా."

"ఏం మంచి అక్కా. దిద్దేటోళ్లకు పేరు కనవడదు, నంబరే. నిజంగనే చెప్పించుకున్ననే అనుకో, నా లెక్కనే అందరు చెప్పించుకుంటరు. ఇగ ఆ మార్కులేం మార్కులు? నేను పాసయిన్నో లేదో నాకే తెల్వకపాయె." గొంతు తగ్గించింది. "ఆమని అక్క మేడ మీదికి గూడ వస్తలేదు. గింత సక్కగ సదివే మనిషి గట్ల గదిల కూసుంటే... ఆంటీకి చెప్పకు నేనన్ననని."

మాధురి క్లిప్పులు డబ్బాలో వేసి కిందికి దిగింది.

గురువారం ఆమె తనే పూలకు వెళ్తానంది. ప్రభావతమ్మ ఆశ్చర్యపడి ఆమనిని తోడు పంపింది. నారాయణగూడ మార్కెట్ దగ్గర బుట్ట పెట్టుకుని కూర్చునే బీరమ్మ వీళ్లను చూడగానే, "ఓహో, ఇయ్యాల సొంతంగ వచ్చిన్రా? రోజు గిన్ని మల్లెలు కొనవట్టిరి, ఇంట్ల పెండ్లా ఏంది?" అంది.

"కాదు" అంది మాధురి. "జడకి."

"జడకా? జడల ఒక్క పువ్వన్న లేదు గదనే బిడ్డా. అబద్ధం చెప్తే మూర తక్కువ కొలుస్త చూడు."

ఆమని ముఖం పాలిపోయింది. మాధురి మాత్రం పొట్లం తీసుకుని, చిల్లర సరిచూసుకుని నడిచింది. వంతెన నీడలో జనం కాస్త పలచబడ్డాక అడిగింది.

"కవర్లన్నీ నీ బీరువాలోనే ఉండేవటగా?"

"అవును వదినా."

"బాబుది తెరవకముందు మార్చి ఉండొచ్చా?"

ఆమని నడక ఆగిపోయింది. "మార్చొచ్చు. తాళంచెవి నా దగ్గరే ఉండేది."

"అనుకున్నావా ఎప్పుడైనా?"

"బాబు పుట్టిన రోజంతా అదే అనుకున్నాను."

"మరి?"

"ఏ కవరు మంచిదో నాకు తెలియదు వదినా. తెలిస్తే తప్పని కూడా చూడకుండా మార్చేసేదాన్ని. త్వరగా పెంచే కవరు పెట్టి, వాడి పొట్ట తట్టుకోలేక పోయి ఉంటే... అప్పుడూ నేనేగా."

"ఇప్పుడు తెలుసా?"

"ఇప్పుడూ తెలియదు. పాలు నెమ్మదిగా పెంచితే సెలైన్ ఎక్కువ రోజులు పెట్టాలి, దాని వల్ల ఇన్ఫెక్షన్ రావొచ్చు. త్వరగా పెంచిన పిల్లలకీ వచ్చింది. ఒక్క బాబుని చూసి ఎవరూ చెప్పలేరు." ఆమని పొట్లం తన చేతిలోకి తీసుకుంది, పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలన్నట్టు. "నేను చేసిన తప్పు అది కాదు వదినా. అమ్మ మీతో చీటీల మాట అంటున్నప్పుడు నేను తలుపు బయటే ఉన్నాను. విన్నాను. వాడికి ఏది మంచిదో అదే వస్తుందని అంది. అలా రాదు. ఆ కవరుకి వాడెవరో తెలియదు. నేను లోపలికొచ్చి కాదమ్మా అనాల్సింది. మాట్లాడకూడదన్న రూలు ఉంది కదా అని ఊరుకున్నాను."

"చెప్పుంటే మేం సంతకం పెట్టేవాళ్లం కాదేమో."

"తెలుసు."

"అందుకే చెప్పలేదా?"

ఆమని రోడ్డు వైపు చూసింది. బస్సులు పోతున్నాయి. ఎవరో హారన్ మీద చెయ్యి తీయకుండా వెళ్లాడు. "అదే నాకు తెలియట్లేదు వదినా... ఎన్నిసార్లు అడుక్కున్నా తెలియట్లేదు. ఆ వార్డులో ఇంకో తల్లి ముందు కాగితం ఎలా పెట్టను? అందుకే వెళ్లట్లేదు. నువ్వు నన్ను తిడితే బావుండేది."

మాధురి తిడదామనే అనుకుంది. కోపం కోసం లోపల వెతుక్కుంది కూడా. చీకటి గదిలో అగ్గిపెట్టె కోసం తడుముకున్నట్టు... దొరకలేదు. "ఎండగా ఉంది, పద" అని మాత్రం అంది.

శుక్రవారం ఆస్పత్రికి నలుగురూ వెళ్లారు. ఆమని మొదట రానంది. "వాళ్ల వైపు కూర్చోకు, మా వైపూ కూర్చోకు. కానీ రా" అంది మాధురి. అభిరామ్ అభ్యంతరం చెప్పబోయి భార్య ముఖం చూసి ఊరుకున్నాడు. పెద్ద డాక్టరు అన్నపూర్ణగారి గది చిన్నది. ఆవిడ లేచి నిలబడి అందరికీ కుర్చీలు వేయించింది. ఆమని తలుపు దగ్గరే నిలబడింది.

"మీ హక్కు ఇది" అంది అన్నపూర్ణగారు. "కారణం చెప్పక్కర్లేదు. వద్దంటే ఈ క్షణమే బాబుని తీసేస్తాను. ఎవరూ ఏమీ అనుకోరు."

"తీసేయండి" అన్నాడు అభిరామ్. "చెప్పు మాధురీ."

మాధురి చెప్పలేదు. "తీసేస్తే ఏమవుతుందండీ?" అని అడిగింది.

"ఏమీ అవదమ్మా. ఒక బిడ్డ తక్కువతో లెక్క చూస్తాం."

"నెమ్మదిగా పాలు పెంచిన పిల్లల్లోంచి తీస్తారు కదా."

"అవును."

"అప్పుడు ఆ పిల్లల్లో పోయినవాళ్లు ఒకరు తక్కువ కనిపిస్తారు."

అన్నపూర్ణగారు ఆమె వైపు నిదానంగా చూసింది. "కనిపిస్తారు."

"అంటే ఆ పద్ధతి ఉన్నదాని కంటే మంచిదైనట్టు కనిపిస్తుంది. అది చూసి ఎక్కడో ఇంకో బిడ్డకి అలాగే పోస్తారు. మా వాడు అసలు పుట్టనట్టు, పోనట్టు."

అభిరామ్ చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తున్నాడు. మాధురి గొంతు పెరగలేదు, తగ్గలేదు. కూరగాయల బేరం చెప్పినట్టు చెప్పుకుపోయింది.

"ఇంట్లో వాడికి పేరు లేదండీ. ఫోటో లేదు. తలుచుకోకూడదు. మా ఆయన వాణ్ని ఎక్కడ పెట్టొచ్చారో కూడా నాకు తెలియదు, అడగకూడదు కాబట్టి. వాడు వచ్చి వెళ్లాడని ఎక్కడైనా ఉందంటే మీ దగ్గరే ఉంది. అక్కణ్నుంచి కూడా తీసేయమని నా నోటితో చెప్పమంటున్నారు. నేను చెప్పను. వాడు లెక్కలో ఉండాలి."

"మాధురీ..." అన్నాడు అభిరామ్. "నేను వాణ్ని వీళ్ల చేతుల్లోంచి తెచ్చేసుకుందామనుకున్నా. అంతేనే. ఇంకెలా తెచ్చుకోవాలో తెలియక..."

"తెలుసు" అంది ఆమె. అతని మోచేతి మీద చెయ్యి వేసింది. వేసినట్టు ఆ చేతికి తెలిసిందో లేదో.

ప్రభావతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఇప్పుడు తీసింది. "అమ్మా డాక్టరమ్మా, ఆ కవరు మా చీటీ లాంటిదని వీళ్లకు చెప్పింది నేను. వాడికి మేలు చేసేదే వస్తుందనుకున్నాను. అది కాదా?"

"కాదమ్మా. ఏది మేలో మాకే తెలియదు కాబట్టి అలా చేస్తాం. మా డాక్టరు ఆ మాట చెప్పే ఉంటాడు."

"చెప్పాడు. నేనే వినిపించుకోలేదు."

"చెప్తే సరిపోదండీ" అంది మాధురి. "మా అత్తయ్యకి చీటీ అంటే దేవుడు. ఇంకొకరికి ఇంకేదో అనిపిస్తుంది. చెప్పాక ఏం అర్థమైందో వాళ్ల నోటితో వాళ్లనే చెప్పమనండి. తప్పు చెప్తే మళ్లీ చెప్పండి. సరిగా చెప్పేదాకా సంతకం తీసుకోకండి. మా బాబుని ఉంచాలంటే మీరు అది చేయాలి."

అన్నపూర్ణగారు తల ఊపింది. "మొదట్నుంచీ చేయాల్సింది. చేస్తాం." తర్వాత తలుపు వైపు చూసింది. "ఎవరు చేయాలి? సాయిచైతన్య ఒక్కడే ఉన్నాడు. రెండోవాళ్లు రావడం మానేశారు."

అందరి చూపులూ ఆమని మీదికి వెళ్లాయి. మాధురి కుర్చీలోనే వెనక్కి తిరిగింది. "ఆ తల్లుల ముందు కాగితం ఎలా పెట్టనని కదా అన్నావు. పెట్టేవాళ్లకి ఆ భయం ఉండాలి. భయం లేనివాళ్లు పెడితేనే నాకు భయం. వెళ్లు."

"వదినా, నువ్వు నన్ను..."

"క్షమించానా అని అడక్కు. నాకు ఇప్పుడు ఏదీ తెలియట్లేదు. అది తెలిసేదాకా నువ్వు ఇంట్లో కూర్చుంటే ఎలా? థీసిస్ ఇవ్వు, పరీక్ష రాయి. ఆ పై చదువు కూడా చదువు. ఆ పసిపిల్లలకి వేరే ఎవరున్నారు."

ఆమని అన్న వైపు చూసింది. అభిరామ్ ఆమె జుట్టు వైపు చూశాడు. "నాకింకా కోపం పోలేదు. పోయిన రోజు నేనే చెప్తాను. ఈలోపు... ఆ జుట్టు దువ్వుకుని డ్యూటీకి వెళ్లు. పేషెంట్లు దడుచుకుంటారు."

ఆమని ఏడుస్తూనే నవ్వి, ఆ నవ్వుకి సిగ్గుపడి, కళ్లు తుడుచుకుని మెట్ల వైపు వెళ్లింది. పై అంతస్తులో ఎక్కడో ఒక పసిబిడ్డ సన్నగా ఏడుస్తోంది. చెప్పుల చప్పుడు అటే వెళ్లింది.

మిగిలినవాళ్లు లేవబోతుంటే అన్నపూర్ణగారు మాధురిని ఆపింది. "బాబుని ఉంచుతున్నారు కాబట్టి కొన్ని ప్రశ్నలు అడగాలమ్మా. ప్రతి తల్లినీ అడుగుతాం. ఇవాళ కష్టమైతే ఇంకో రోజు."

"ఇవాళే అడగండి."

అభిరామ్, ప్రభావతమ్మ బయట బల్ల మీద కూర్చున్నారు. లోపల ఎంతసేపు పట్టిందో ఎవరూ చూసుకోలేదు. మాధురి బయటికి వచ్చేసరికి ముఖంలో ఏ మార్పూ లేదు. కళ్లు పొడిగానే ఉన్నాయి.

ముగ్గురూ ఆటో ఎక్కారు. ప్రభావతమ్మ మధ్యలో కూర్చుంది. ఆటో వంతెన దాటాక రోడ్డు వైపు చూస్తూ అడిగింది. "ఏం అడిగారు లోపల?"

"బాబు గురించి."

"ఏమని?"

"కదిలేవాడా, కళ్లు తెరిచేవాడా, పాలు గొట్టంలో పోస్తున్నప్పుడు ఎలా ఉండేవాడు... అలాంటివి."

ప్రభావతమ్మ ఇంక మాట్లాడదనుకుంది మాధురి. ఆ విషయం ఎత్తకూడదు కదా... చిక్కడపల్లి మలుపు తిరిగాక ఆవిడ చెయ్యి వచ్చి కోడలి మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"నన్ను లోపలికి రానివ్వలేదుగా అప్పుడు. అద్దంలోంచి సరిగా కనపడలేదు. నా మనవడు... నాకూ చెప్పవే."

అభిరామ్ ముఖం బయటికి తిప్పుకున్నాడు, కానీ ముందుకి వంగి, "అన్నా, కొంచెం నెమ్మదిగా పోనీ" అన్నాడు డ్రైవరుతో.

మాధురి ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచించింది. "చెవులు మీవే అత్తయ్యా" అంది. "పైన కాస్త మడత పడినట్టు ఉండేవి. నేను వేలు పెడితే గట్టిగా పట్టుకునేవాడు. అంత చిన్నవాడికి అంత పట్టు ఎక్కణ్నుంచి వచ్చిందో... నర్సు వచ్చి విడిపించేది."